పదకొండింటి మోతాదు

నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క చుక్క తాగలేదు. తాగినవాళ్ళ ఊపిరి మాత్రం ఇరవై ఏళ్ళ పాటు జీతం తీసుకుని మరీ పీల్చాను.

రైల్వేలో నా డ్యూటీ లాబీలో. డ్రైవర్లూ గార్డులూ బండెక్కబోయే ముందు వచ్చి సంతకం పెట్టే గదిని మా ఖరగ్‌పూర్‌లో లాబీ అంటారు. సంతకానికి ముందు ఓ చిన్న మిషను గొట్టంలోకి గట్టిగా ఊదాలి. సున్నా వస్తే బండి. సున్నా కాకుండా ఏమొచ్చినా ఇంటికి, వెనకాలే కాగితం. ఆ మిషను పట్టుకుని బల్ల వెనక కూర్చునేవాణ్ణి నేను. దాంతో కాలనీలో నా అసలు పేరు పోయి 'ఊదుడు బాబు' మిగిలింది. పెళ్ళి భోజనాల్లో నా పక్క విస్తరి ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

ఎన్ని సాకులు విన్నానో. హోమియో గుళికలు వేసుకున్నానన్నవాడొకడు. మాగిన పనస తొనలు తిన్నానన్నవాడొకడు. గడ్డం గీసుకుని రాసుకున్న సెంటు నీళ్ళు నోట్లోకి జారాయన్నవాడు ఇంకొకడు. జామాకులు నమిలేవారు, పచ్చి ఉల్లిపాయ కొరికేవారు. ఒకాయన కర్పూరం బిళ్ళ బుగ్గన పెట్టుకొచ్చి ఊదితే నాకు హారతి కళ్ళకద్దుకోబుద్ధయింది. మిషను చెప్పేలోపే నా ముక్కు చెప్పేసేది. ఆ ముక్కంటే నాకు గర్వం. దాచుకోను.

రిటైరయ్యాక ఆ ముక్కుకి పని లేకుండా పోయింది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా ఇంట్లో కూర్చుని, పప్పు ఇంకా ఉడుకు పట్టకముందే "మాడుతోంది" అని కేకేసేవాణ్ణి. పాలు విరగకముందే విరిగాయనేవాణ్ణి. నెల తిరక్కుండా మా ఆవిడే నాకు ఉద్యోగం వెతకడం మొదలుపెట్టింది.

ఆ ఉద్యోగం పూరీ గేట్ దగ్గర దొరికింది. అక్కడ ఓ పాత గోడౌన్‌లో ఒక బెంగాలీ డాక్టరమ్మ చిన్న ఆశ్రయం నడుపుతోంది. మేమంతా డాక్టర్ దీదీ అంటాం. ఇల్లూ వాకిలీ లేక ప్లాట్‌ఫారాల చివర్న పడుండే తాగుబోతులు పన్నెండు మంది ఆవిడ దగ్గరున్నారు. మాన్పించడానికి ఎన్ని ఆస్పత్రులు తిప్పినా మానలేకపోయినవాళ్ళు. చుల్లు అనే నాటుసారా తాగి, అది దొరక్కపోతే వార్నిష్ కూడా వదలనివాళ్ళు. దీదీ వాళ్ళకి మంచం ఇస్తుంది, అన్నం పెడుతుంది, స్నానం చేయిస్తుంది. వాటితో పాటు పొద్దున్న ఎనిమిది మొదలు గంటన్నరకోసారి కొలిచిన రమ్ము నీళ్ళు కలిపి ఇస్తుంది. అన్ని అనుమతులూ కాగితం మీదున్నాయి, నేనే చదివాను. మానకపోతే మానకపోయారు, విషం తాగి రోడ్డు పక్కన చావకుండా ఉంటే చాలన్నది ఆవిడ లెక్క. ప్రతి మోతాదుకీ ముందు మిషనులో ఊదించాలి. అంకె మరీ ఎక్కువొస్తే ఆ పూటకి ఆపేయాలి. అందుకని మిషను తెలిసినవాడు, గడియారం చూసుకునేవాడు, తనే తాగేయనివాడు కావాలంది. ఖరగ్‌పూర్‌లో ఆ మూడూ ఒకడిలో దొరకడం కష్టం.

మా ఆవిడ సంగతంతా విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇన్నాల్లూ తాగినోల్ల నోటికాడి కూడు తీసినావు. ఇప్పుడు నువ్వే నోట్లో పోస్తావేటి? బాగుంది సంబడం!"

నేను మొదటిరోజే గోడౌన్‌ని లాబీ చేసి పారేశాను. వరసలో నిలబడాలి. తల దువ్వుకోవాలి. రాత్రి నిద్ర పట్టిందా అని అడిగితే జవాబు చెప్పాలి. ఊదాలి. అప్పుడు గ్లాసు. దీదీ ఇచ్చిన రిజిస్టర్లో టైము, మనిషి, అంకె, మోతాదు, చివర్న 'ఇచ్చినవారి సంతకం' అని గళ్ళున్నాయి. ఎవరి చేత్తో ఇస్తే వాళ్ళే సంతకం పెట్టాలి, ఒకరి బదులు ఒకరు పెట్టకూడదని దీదీ గట్టిగా చెప్పింది. నేనా మాటకి ఆవిడ భక్తుణ్ణయిపోయాను.

మా వాళ్ళూ తక్కువ తినలేదు. వరసలో ముందుండేవాడు ఒకప్పుడు ప్లాట్‌ఫారం మీద మూడు పెట్టెలు ఒకేసారి నెత్తినెత్తుకున్న ముసలి కూలీ. ఇప్పుడు నోట్లో ఒక్క పన్ను లేదు గానీ చూపు మాత్రం డేగది. కొలత గ్లాసు బల్ల మీద పెట్టగానే వంగి, ఒక కన్ను మూసి, గీతని చూసేవాడు.

"బాబూ, గీత కింద ఉంది."

"గీత మీదే ఉంది."

"మీదంటే ఆనుకోవాల బాబూ. ఆనుకోనేదు."

రోజుకి ఎనిమిదిసార్లు ఈ పంచాయితీ. సిగ్నల్ పడిందా లేదా అని కూడా నా సర్వీసులో ఎవరూ అంత వాదించలేదు.

ఆ వరసలో చివర్న నిలబడి, తల దువ్వుకుని, నా కళ్ళలోకి చూడకుండా ఉన్న మనిషిని నేను మొదటిరోజే గుర్తుపట్టాను. ఒకప్పుడు మెయిల్ బండి నడిపిన డ్రైవరు. మా వీధివాడే. మాకు చుట్టరికం లేదు, కానీ కాలనీ వరసలు చుట్టరికం కంటే గట్టివి. నేను అతన్ని బావా అనేవాణ్ణి, అతను నన్ను బావా అనేవాడు. అతని భార్య నన్ను అన్నయ్యా అని పిలిచేది, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు మావయ్యా అని పిలిచేది. మూడోసారి కూడా నా మిషనులో అతనికి సున్నా రాలేదు. కాగితం మీద సంతకం నాది. ఉద్యోగం పోయింది. భార్య నన్ను అన్నయ్యా అనడం మానేసింది, తర్వాత కొన్నేళ్ళకి జబ్బుచేసి పోయింది. అతను ఇంట్లోంచి అరుగు మీదకి, అరుగు మీంచి ప్లాట్‌ఫారం మీదకి చేరాడు.

ఒక్కసారి కళ్ళు మూసుకుంటే నీ సొమ్మేం పోయిందని వీధంతా అడిగింది. అతని వెనక పెట్టెల్లో ఎంతమంది నిద్రపోతారో వాళ్ళకేం తెలుసు? నేను చేసింది రైటే. ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే రైటు చేసినవాడికి నిద్ర పడుతుందని నాకెవరూ మాటివ్వలేదు.

మొదటి వారం మేమిద్దరం రిజిస్టర్ భాషలోనే మాట్లాడుకున్నాం. "నిద్ర పట్టిందా?" "పట్టింది." "ఊదు." ఊదేవాడు, తాగేవాడు, గ్లాసు తిరగేసి పెట్టి వెళ్ళిపోయేవాడు. వారం చివర్న ఒక పొద్దున్న అతను వరసలో మొదట నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది కానీ ఛాతీ విరుచుకుని ఉన్నాడు. గొట్టం అందుకుని ఊదాడు.

సున్నా.

నేను మళ్ళీ ఊదించాను. మళ్ళీ సున్నా. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. లేచి నిలబడి చెయ్యి కలిపాను. "శభాష్ బావా! నీకింకెందుకీ గ్లాసు?" అన్నాను. ఆ పక్క గడిలో 'అవసరం లేదు' అని రాసి, కింద గీత కూడా గీశాను. మిగతా పదకొండు మందీ గ్లాసులు పట్టుకుని నన్ను అదోలా చూశారు. కూలీ ఏదో అనబోతే "వరసలో నిలబడు" అని కసిరాను. ఇరవై ఏళ్ళ అలవాటు మరి. సున్నా వచ్చినవాడు బాగున్నట్టే లెక్క.

పదకొండు కాకుండానే అతను మంచం మీంచి కిందపడి మూర్ఛ పోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి, నాలుక తెగి రక్తమొచ్చింది. దీదీ పరుగెత్తుకొచ్చి, సూది వేసి, అతను కుదుటపడ్డాక నా వైపు తిరిగింది. ఆవిడకి కోపం వస్తే బెంగాలీ, మరీ వస్తే హిందీ. ఆవేళ హిందీ.

"దాదా, ఇది మీ లాబీ కాదు. ఏళ్ళ తరబడి తాగిన ఒంటికి ఒక్కసారిగా సున్నా అయితే ప్రాణం పోతుంది. మీ మిషనులో సున్నా వస్తే బండి ఇస్తారు. నా దగ్గర సున్నా వస్తే నన్ను పిలవాలి. అర్థమైందా?"

అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. నేను జన్మలో సంతోషించిన సున్నా అదొక్కటే, అది కాస్తా మనిషిని చంపబోయింది.

సాయంత్రం అతని మంచం పక్కన కూర్చున్నాను. నాలుక వాచి మాట ముద్దగా వస్తోంది. ముందు రోజు మధ్యాహ్నం నుంచీ గ్లాసుని నోటిదాకా తీసుకెళ్ళి, నేను చూడనప్పుడు పక్కన పారబోశాడట. నా ముక్కు ఏం చేస్తోందో ఆ పూట, దేవుడికే తెలియాలి.

"ఎందుకు బావా?" అన్నాను.

"నీకు సున్నా సూపిద్దామనుకున్నాను. ఒక్కసారి. ఆ మూడుసార్లూ నీ మిసనులోన నాకు రానేదు కదా."

నాకు ఏడుపొచ్చింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి ముక్కు చీదుకున్నాను. ఆ రోజు నుంచి మళ్ళీ బావా బావా అనుకున్నాం.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. అతను ఒళ్ళు చేశాడు. అప్పుడు ఒక మధ్యాహ్నం అతని కూతురు మా ఇంటికొచ్చింది. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో ఉంటుంది, బెంగాలీ కుర్రాణ్ణి చేసుకుంది. వర్క్‌షాపులో పనిచేస్తాడు, మంచివాడు. ఆ పిల్ల తండ్రితో మాట్లాడి ఏళ్ళయింది. నాతోనూ అంతే. గుమ్మంలో నిలబడి, "మావయ్యా" అంది. ఆ పిలుపుకి మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

విషయమేమిటంటే ఆ పిల్లకి ఆడపిల్ల పుట్టింది, ఇప్పుడు ఏడో నెల. వచ్చే ఆదివారం ముఖే భాత్, అంటే మన అన్నప్రాశనే. బెంగాలీల ఇళ్ళల్లో బిడ్డకి మొదటి చెంచా పాయసం తినిపించాల్సింది మేనమామ. మేనమామ లేకపోతే అమ్మమ్మ మొగుడు, వాళ్ళ భాషలో దాదు. ఈ పిల్లకి అన్నా లేడు, తమ్ముడూ లేడు. పుట్టింటి నుంచి ఎవరో ఒకరు రావలసిందేనని అత్తగారు పట్టుబట్టిందట.

"మా అత్తగారు మంచిదే మావయ్యా. గాని తాగినోడు బిడ్డకి బువ్వెడితే ఒప్పుకోదు. నానూ ఒప్పుకోను." కాసేపు చీర చెంగు వేలికి చుట్టుకుంది. "నీ మిసను అబద్దం సెప్పదు కదా. మా నాన్న ఉద్యోగం తీసినాది అదే కదా. ఆ రోజు పొద్దున్న ఊదించు. సున్నా వొస్తే తీసుకురా. రాకపోతే నువ్వొక్కడివే రా. నువ్వూ పుట్టింటోడివే, నువ్వే తినిపించీ."

అప్పుడే చెప్పాల్సింది. అమ్మా, మీ నాన్నకి సున్నా వస్తే పాయసం తినిపించడు, మూర్ఛపోతాడు అని. చెప్పలేదు. చెబితే రావద్దంటుందేమోనని భయం. తలూపాను. నా జన్మలో విన్న సాకులన్నీ, వాళ్ళు నమిలిన జామాకులన్నీ ఒక్కసారి నా నోట్లోకి వచ్చినట్టయింది.

అతనికి చెప్పాను. విని తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. మోతాదు వేళ దగ్గర పడుతోంది, వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "బావా, సెంచాడు పాయసం. అంతే కదా?" అన్నాడు. మెయిల్ బండిని హౌరా దాకా తీసుకెళ్ళి, వెనక పెట్టెల్లో టీ గ్లాసు కూడా తొణక్కుండా ఆపిన మనిషి ఆ మాటన్నాడు.

దీదీ ఆ చేతుల్ని రెండు రోజులు పరీక్షగా చూసింది. మోతాదు పడిన పావుగంటకి వణుకు ఆగుతోంది. తర్వాత గంటపాటు చెయ్యి నిలకడగా ఉంటోంది, మనిషీ తూలడం లేదు. ఆ తర్వాత మళ్ళీ మొదలు. "ఆ గంటలో పని అయిపోవాలి, దాదా" అంది.

టైమ్‌టేబుల్ వెయ్యడం నాకు చెప్పాలా? ఎనిమిదికి ఒక మోతాదు. తొమ్మిదిన్నరకి ఒకటి. తొమ్మిది నలభై అయిదుకి టోటో, అదే బ్యాటరీ రిక్షా. పదికి ట్రాఫిక్. పదింపావుకి పాయసం. పదకొండింటి మోతాదుకి వెనక్కి గోడౌన్. అట్టముక్క మీద ఎర్ర సిరాతో రాసి అతని మంచం మీద తగిలించాను.

అతను చదివి, "బావా, మన సర్వీసులోన ఏ బండి రైట్ టైమొచ్చినాది?" అన్నాడు.

చెంచా పట్టుకోవడం ప్రాక్టీసు కావాలన్నాడు కూలీ. పసిపిల్ల ఎక్కడ దొరుకుతుందని అడిగితే తనే కూర్చున్నాడు. ఒప్పుకోక తప్పలేదు, పళ్ళు లేని నోరు మా దగ్గర అదొక్కటే. ముఖే భాత్‌కి బిడ్డ నెత్తిన బెండుతో చేసిన తెల్ల కిరీటం పెడతారు. కూలీకి న్యూస్‌పేపరుతో ఒకటి చేశాం. మెడకి తువ్వాలు కట్టాం. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, డ్రైవరు చెంచా దగ్గరికి తెచ్చేసరికి పెదాలు బిగించి తల అటు తిప్పేశాడు.

"నోరు తెరు" అన్నాను.

"పిల్లలు తెరవరు బాబూ," అని మళ్ళీ బిగించాడు. అది చాలక కెవ్వుమని ఏడ్చాడు. మిగతా పదిమందీ మంచాలెక్కి చూస్తున్నారు. చివరికి డ్రైవరుకి విసుగొచ్చి, ఇంజను హారన్‌లాగా గొంతులోంచి "భా...మ్" అన్నాడు. కూలీ ఉలిక్కిపడి నోరు తెరిచాడు. చెంచా లోపలికి వెళ్ళిపోయింది. గోడౌన్ అంతా చప్పట్లు. నాలుగు రోజుల పాటు పూటకి రెండుసార్లు ప్రాక్టీసు. దీదీ వండించిన సగ్గుబియ్యం పాయసమంతా కూలీ ఒక్కడే తిన్నాడు. ఇంకా చెయ్యి కుదరలేదని, ఇంకో రోజు చేద్దామని ఆదివారం పొద్దున్న కూడా అన్నాడు.

ఆదివారం అన్నీ రైట్ టైమే జరిగాయి. స్నానం, ఇస్త్రీ చొక్కా, ఎనిమిదికి ఒకటి, తొమ్మిదిన్నరకి ఒకటి. ఏమైనా ఆలస్యమైతే ఉంటుందని దీదీ పదకొండింటి మోతాదుని ఒక చిన్న సీసాలో పోసి, కొలత గ్లాసుతో సహా నా సంచిలో పెట్టింది. పదికి ట్రాఫిక్‌లో క్వార్టరు ముందు దిగాం. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. తండ్రిని ఒక్క క్షణం చూసి, చూపు నా మీదకి తిప్పింది.

"ఊదినాడా మావయ్యా?"

"ఊదినాడమ్మా."

"ఎంతొచ్చినాది?"

సరిగ్గా అప్పుడు అత్తగారు శంఖం పట్టుకుని బయటికొచ్చి, "ఆషూన్, ఆషూన్" అంటూ మమ్మల్ని లోపలికి లాక్కెళ్ళింది. ఏ అత్తగారిని చూసీ నేనంత సంతోషపడలేదు.

లోపల అన్నీ సిద్ధం. వెండి గిన్నెలో పాయసం, పీట, దీపం. బిడ్డ కిరీటం జారి ముక్కు మీద కూర్చుంది. లేనిది పురోహితుడొక్కడే. ఆయనకి ఆవేళ మూడు ముఖే భాత్‌లట, రెండోదాంట్లో ఉన్నాడట. పదింపావు. పదిన్నర. ఫోన్ చేస్తే ఇంకో పది నిమిషాలన్నాడు. పది నిమిషాల తర్వాత చేస్తే ఇంకో పది అన్నాడు.

"ఔటర్ సిగ్నల్ కాడ ఆపీసినారు బావా," అని నా చెవిలో గొణిగాడు డ్రైవరు.

పావు తక్కువ పదకొండుకి అతను చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. పదకొండుకి అత్తగారు టీ ఇచ్చింది. కప్పు అందుకోగానే సాసరు టకటకా కొట్టుకుంది. నేను గబుక్కున లాక్కుని నేనే తాగేశాను. ముఖం మీద చెమట పట్టింది అతనికి. బయట పురోహితుడి స్కూటర్ ఆగింది.

అతని రెక్క పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాను. బాత్‌రూం గోడ చాటున సీసా తీసి గ్లాసులో పోయబోయాను. తొందరలో మూత తియ్యబోయి ఇంకా బిగించేశాను. జీవితంలో ఎవరికీ తెలియకుండా చేసిన మొదటి పని అది, అలవాటు లేదు.

"ఏటిది?"

కూతురు. వెనకే వచ్చింది. కళ్ళు సీసా మీద ఉన్నాయి.

"సున్నా అని కదా తెచ్చినావు?"

"నాను అనలేదమ్మా. నువ్వడిగినావు, మీ అత్తగారొచ్చినారు," అన్నాను. ఏ డ్రైవరైనా నా లాబీలో అంత పనికిమాలిన సాకు చెప్పి ఉంటే రెండు కాగితాలు రాసేవాణ్ణి.

"నానెలిపోతాను," అన్నాడు అతను, నేల చూస్తూ. "నువ్వే పెట్టీ బావా. పుట్టింటోడివే కదా."

అప్పుడిక చెప్పేశాను. "మీ నాన్నకి సున్నా రాకూడదమ్మా. వొస్తే పడిపోతాడు. ఒకసారి పడిపోనాడు. నాకు సూపించాలని మోతాదులు పారబోసి సున్నా తెచ్చినాడు, నాను శభాష్ అన్నాను. నాలిక తెగిపోనాది. ఆ పాపం నాది. ఇది పడితే పావుగంటకి సెయ్యి నిలబడతాది. ఇప్పుడు మిసనులో ఊదిస్తే సున్నా రాదు. నాను అబద్దం సెప్పను."

ఆ పిల్ల తండ్రి చేతుల్ని చూసింది. వాటిని దాచుకోవడానికి అతనికి జేబులు కూడా దొరకడం లేదు.

"ఎంత పొయ్యాల?" అంది చివరికి.

"ఆ గీత దాకా."

నా చేతిలోంచి సీసా, గ్లాసు తీసుకుంది. పోసింది. వంగి, ఒక కన్ను మూసి, గీత చూసింది. ఇంకో రెండు చుక్కలు వేసింది. గ్లాసు తండ్రి చేతికివ్వబోయి, ఆ చెయ్యి చూసి, తనే అతని పెదాలకి ఆనించింది. రెండో చెయ్యి గడ్డం కింద పట్టింది.

"మెల్లగా నాన్నా," అంది.

లోపల్నుంచి అత్తగారు ఏం జరుగుతోందని కేకేసింది. "నాన్నకి ఒంట్లో నలతగా ఉంది అత్తయ్యా, చూసుకుంటున్నాను. పంతులుగారికి లూచీలు పెట్టండి," అని బెంగాలీలో జవాబిచ్చింది. మూతి తుడిచింది తండ్రికి. నా వైపు చూసి, "పావుగంటేనా?" అంది. పావుగంటే అన్నాను.

గంట ఆలస్యంగా వచ్చిన ఆ పురోహితుడికి ఇప్పుడు ఎక్కడలేని తొందర. మూడో ఇంటివాళ్ళు ఎదురుచూస్తున్నారట. ఆ పిల్ల ఆయన్ని లేవనిస్తేనా? నాలుగు లూచీలు, అంటే మన పూరీలే, అయ్యాక ఇంకో రెండు. బంగాళదుంప కూర. సందేశ్ మిఠాయి. ఇంకో లూచీ తింటేగానీ బిడ్డకి ఆయుష్షు ఉండదన్నట్టు వడ్డించింది. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదో లూచీకి డ్రైవరు తొడల కిందినుంచి ఒక చెయ్యి బయటికి తీసి చూసుకున్నాడు. పదకొండో లూచీకి రెండోది తీశాడు. నాకు కన్ను కొట్టాడు.

బిడ్డని అతని ఒళ్ళో పెట్టారు. పురోహితుడు ఆయాసపడుతూ మంత్రం చదివాడు. అతను వెండి చెంచాతో పాయసం తీసుకుని నోటిదాకా తెచ్చాడు. బిడ్డ పెదాలు బిగించి తల అటు తిప్పేసింది. అచ్చం కూలీలాగే. నేను సగం లేచాను. అతను మాత్రం తొణకలేదు. చాలా మెల్లగా "భా...మ్" అన్నాడు. కిరీటం కింది నుంచి రెండు కళ్ళు పైకి చూశాయి, నోరు తెరుచుకుంది. ఒక్క మెతుకు కింద పడలేదు. ఆడవాళ్ళంతా నాలుక ఆడిస్తూ మంగళంగా ఉలూలు వేశారు, అత్తగారు శంఖం ఊదింది. నేను ఆ చేతినే చూస్తున్నాను. ఇరవై ఏళ్ళు అంకెలే చూశాను కానీ ఒక్క మనిషి చెయ్యినైనా అంతలా చూడలేదు.

గోడౌన్‌కి వచ్చాక రిజిస్టర్ తీశాను. పదకొండూ పది, డ్రైవరు, ఒక మోతాదు. చివరి గడి దగ్గర కలం ఆగింది.

"సంతకం పెట్టండి దాదా," అంది దీదీ.

"ఇచ్చింది నేను కాదు కదా."

"అయితే ఏం? ఈ ఒక్కసారికి..."

"ఎవరి చేత్తో ఇస్తే వాళ్ళే అని చెప్పింది మీరు." ఆవిడ తల పట్టుకుంది. నేను గడి ఖాళీగా వదిలేశాను. సాయంత్రం కూతురికి ఫోన్ చేసి రిజిస్టర్ పూర్తి కాలేదన్నాను.

"ఒక్క సంతకానికి నాను అక్కడికి రావాలేటి?"

"రావాలమ్మా. రూలు."

ఫోన్ పెట్టేసింది. ఎనిమిది రోజులు చూశాను. దీదీ రోజూ ఆ ఖాళీ గడి చూపించి నన్ను దెప్పేది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పన్నెండున్నర మోతాదుకి అందరూ తలలు దువ్వుకుని వరసలో నిలబడి ఉండగా ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చింది. వరసలో తండ్రిని చూసింది. అతను చొక్కా సర్దుకున్నాడు. నేను పేజీ వెనక్కి తిప్పి గడి చూపించాను. సంతకం పెట్టింది, కలం మూసింది, మళ్ళీ తెరిచింది.

"ఇప్పుడెవరిస్తారు మావయ్యా?"

నేను కొలత గ్లాసు ఆమె వైపు జరిపాను. ఆమె పోసి, వంగి చూస్తుంటే వెనక నుంచి కూలీ, "అమ్మా, గీత ఆనుకోవాల," అన్నాడు.

ఆ రిజిస్టర్లో ఆమె సంతకం ఇప్పుడు రెండు చోట్ల ఉంది.